పెరిగిన సూది

రెండో వరద వచ్చిన ఏడు అది. మొదటి వరద వంతెనను పట్టుకుపోయింది. రెండోది మా వీధిలోకే వచ్చింది. గోడల మీద నడుమెత్తున బురద గీత గీసి తీరిగ్గా వెనక్కి పోయింది. ఆ గీత ఆరకముందే కంపెనీ మళ్లీ తెరిచారు.

కిందటి వారం ఈ కథ మొదలుపెట్టి, మా కంపెనీలో సూదులిచ్చే సూదులాయనను మా గుమ్మంలో నిలబెట్టి ఆపేశాను. పాపం, ఆయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. లోపలికి పిలిచేముందు నాలుగు ముక్కలు చెప్పాలి.

నేను రెడీమేడ్ బట్టల కంపెనీలో ఇస్త్రీ చేసేవాణ్ణి. మా ఆవిడ అదే హాల్లో మిషను కుట్టేది. ఆమె తండ్రి దర్జీ. మనిషిని నిలబెట్టి, టేపు పట్టి, భుజం నుంచి బొత్తాం దాకా అంతా ఒక్కడే కుట్టేవాడు. రెడీమేడ్ వచ్చాక కొలతలిచ్చేవాళ్లు తగ్గి, చిరుగులు కుట్టించుకునేవాళ్లు మిగిలారు. ఆ తర్వాత చిరిగినదాన్ని కుట్టించుకోవడం కంటే కొత్తది కొనుక్కోవడమే చవకైంది. ఆయన మిషను మూలకు చేరింది, కూతురు కంపెనీలో చేరింది. అక్కడ చొక్కా మొత్తం ఎవరూ కుట్టరు. ఒకరు చేతులు, ఒకరు పక్కలు, ఒకరు జేబులు. మా ఆవిడకు మెడలు పడ్డాయి. ఇన్నేళ్లలో ఎన్ని చొక్కాలు కుట్టావే అని అడిగితే, "చొక్కా ఒక్కటీ కుట్టలేదు, మెడలు కుట్టాను" అనేది.

ఆ ఏడు పసిపిల్లల చొక్కాలు వచ్చాయి. మెత్తటి బట్ట. నా చేతి మొరటుతనానికి ఎక్కడ పోగు లేస్తుందోనని భయపడుతూ ఇస్త్రీ చేసేవాణ్ణి.

హాల్లో ఒక కట్టుబాటు ఉంది. సూది విరిగితే ముక్కలన్నీ ఏరి, కాగితం మీద అంటించి, సూదులాయన కిటికీ దగ్గర ఇవ్వాలి. ముక్కలు పూర్తిగా వస్తేనే కొత్త సూది ఇస్తాడు. ఒక్క ముక్క తగ్గినా ఆ వరస మొత్తం ఆగుతుంది. మిషను చుట్టూ ఉన్న బట్టంతా అయస్కాంతంతో గాలిస్తారు. పద్ధతి మంచిదే. కానీ వరద తర్వాత, లోపల పని చేసేవాళ్ల కంటే గేటు బయట పని కోసం నిలబడ్డ ఆడవాళ్లే ఎక్కువ. వరస ఆగితే సూపర్‌వైజరు ఊరుకోడు. ఆయనకు మాటలంటే దండగ. పిలవాలన్నా ఈలే, తిట్టాలన్నా ఈలే. అందుకే అందరం ఈలాయన అనేవాళ్లం. ముక్క పోగొట్టిన మనిషి ముందు నిలబడి ఒక ఈల వేస్తాడు, గేటు వైపు చెయ్యి చూపిస్తాడు. మా ఎదురింటావిడ అలాగే వెళ్లింది.

ఆ మధ్యాహ్నం మా ఆవిడ సూది విరిగింది. కిటికీ దగ్గరికి వెళ్లి కొత్తది తెచ్చుకోవడం నా బల్ల దగ్గర నుంచి చూశాను. ఏమీ అనుకోలేదు. దీపాలు పెట్టే వేళకు సూదులాయన మా ఇంటికి వచ్చాడు. ఎవరి గడపా తొక్కే మనిషి కాదు.

"రండి బాబాయిగారూ" అంది మా ఆవిడ. గొంతు మామూలుగానే ఉంది. చేతిలో గిన్నె మాత్రం కింద పెట్టలేదు.

ఆయన కూర్చోలేదు. తలుపు దగ్గరగా వేసి, జేబులోంచి మడత కాగితం తీసి, లాంతరు దగ్గరికి జరిగాడు.

"అమ్మాయ్, ఇలా రా. ఇది నీ సూదేనా?"

"నాదే. మధ్యాహ్నం ఇచ్చాను కదా."

"ఇచ్చావు. నేనూ పుచ్చుకున్నాను. అంతమంది తోసుకుంటుంటే మొదలుందా, మొనుందా అని చూశానే గానీ అంతకు మించి చూడలేదు. సాయంత్రం డబ్బాలో పెట్టబోతూ చూశాను."

మొదలు ముక్కను బల్ల మీద పెట్టాడు. దానికి ఆనించి మొన పెట్టాడు. వాటి పక్కన ఒక కొత్త సూది పెట్టాడు.

"చూడు."

నేనూ వంగి చూశాను. విరిగిన సూది కొత్త సూది కంటే పొడుగుగా ఉంది.

"ఈ సూదుల దగ్గరే నా తల నెరిసింది. వంకరపోయినవి చూశాను. ముక్కముక్కలైనవి చూశాను. విరిగాక పెరిగిన సూదిని ఇప్పుడే చూస్తున్నా. ఏం పెట్టి పెంచావమ్మా?"

మామూలుగా అయితే ఆ మాటకు నవ్వేవాణ్ణి. ఆయన మొహంలో నవ్వు లేదు.

మా ఆవిడ గిన్నె కింద పెట్టింది. "అది బజారు సూది మొన" అంది.

"అంటే?"

"అవసరానికి ఉంటుందని ఒక సూది కొని దాచుకున్నా. నా సూది మొన కనపడలేదు. బజారు సూది మొన విరిచి అంటించా."

"నీ మొన ఎక్కడుంది మరి?"

"తెలీదు."

"వెతికావా?"

"ఒళ్లో వెతికా, పీట కింద వెతికా. ఎంతసేపు వెతకనిస్తారు? ఇంకాస్త సేపు తల వంచుకుని ఉంటే ఈలాయన వచ్చి నెత్తి మీద నిలబడేవాడు."

"నా దగ్గరికొచ్చి చెప్తే పోయేది కదే! అప్పుడైతే అయస్కాంతానికి దొరికేది. ఇప్పుడు ఆ చొక్కాలన్నిటికీ టిచ్ బటన్లు బిగించేశారు. అయస్కాంతం పెడితే ప్రతి చొక్కా వచ్చి అంటుకుంటుంది. మొనేదో బటనేదో ఎలా తెలుస్తుంది?"

"చెప్పి ఉంటే ఈపాటికి గేటు బయట ఎదురింటావిడ పక్కన నిలబడేదాన్ని."

"ఇప్పుడు నీ పక్కన నేనూ నిలబడతా. ముక్కలు సరిగ్గా ఉన్నాయని పుచ్చుకుంది నేనే కదా. ఈ వయసులో నన్నెవడు రమ్మంటాడు?"

మొన ముక్కను ఎత్తబోతే ఆయన వేళ్లకు చిక్కలేదు. చీకట్లో కూడా దారం ఎక్కించే వేళ్లవి. వాటికి ఒక ముక్క చిక్కకపోవడం చూశాకే నాకు సంగతి అర్థమైంది. అప్పటిదాకా ఇది మా ఆవిడకు పడబోయే చివాట్ల సంగతి అనుకుంటున్నాను.

"ఆ చొక్కాల కట్ట ఎక్కడికి పోయింది?" అన్నాడాయన.

"ఇస్త్రీకి."

ఇద్దరూ నా వైపు చూశారు.

నిజమే. ఆ సాయంత్రం ఆ కట్ట నేనే ఇస్త్రీ చేశాను. కుడి చేత్తో ఇస్త్రీ పెట్టె నడిపి, ఎడమ అరచేత్తో సవరిస్తాను. ఏదీ గుచ్చుకోలేదు. కానీ మెడ పట్టీ రెండు మడతల బట్ట. మొన ఆ మడతలో పడి ఉంటే ఇస్త్రీకి అణిగి పడుకుంటుంది. ఉతికినప్పుడు కదులుతుంది. మెల్లిగా బయటికి వస్తుంది. అది బయటికి వచ్చేసరికి ఆ మెడ ఒక బిడ్డ గొంతు మీద ఉంటుంది.

"అట్టపెట్టెల్లో పెట్టేశారు" అన్నాను. "పొద్దున లారీ వస్తుంది."

ఉన్నట్టుండి మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి.

"ఏవండీ... చెల్లికి ఇచ్చిన చొక్కా."

"ఏం చొక్కా?"

"సూది విరిగినప్పుడు మిషను కింద ఉన్నది. మెడ దగ్గర చిరిగిందని పక్కన పడేశారు. వరదలో గుడ్డలు పోయినవాళ్లు చిరిగినవి పట్టుకెళ్లమన్నారు కదా. చిరుగు కుట్టి, ఒక నాడా పెట్టి, వచ్చేదారిలో చెల్లికి ఇచ్చా. పిల్లాడికి."

ఆమె మాట పూర్తి చేసేసరికి నేను వీధిలో ఉన్నాను.

మా మరదలి ఇల్లు వీధి చివర. బురద మీద అడ్డంగా బల్లచెక్కలు పరిచి ఉన్నాయి. ఒకటి నా కాలి కింద తిరగబడింది. పడ్డాను, లేచాను. వెనక మా ఆవిడ, ఆమె వెనక ఆయాసపడుతూ సూదులాయన. వాళ్ల ఇల్లు ఇంకా కొంత దూరం ఉండగానే పిల్లాడి ఏడుపు వినబడింది. పసిబిడ్డలు ఏడుస్తారు. పాలకు ఏడుస్తారు, ఊరికే కూడా ఏడుస్తారు. ఆ సంగతి నాకు తెలుసు. నా గుండెకు తెలియలేదు.

"ఏంటి బావా, ఎవరైనా తరుముతున్నారా?" అంది మరదలు. పిల్లాణ్ణి భుజాన వేసుకుని గదిలో తిరుగుతోంది. వాడి ఒంటి మీద ఆ చొక్కానే ఉంది.

నన్ను తోసుకుంటూ మా ఆవిడ లోపలికొచ్చి, పిల్లాణ్ణి లాక్కుని మంచం మీద పడుకోబెట్టి నాడా ముడి పీకుతోంది. ముడి రాలేదు. పళ్లతో తెంపింది.

"అక్కా! మెల్లిగా! చెయ్యి ఊడొస్తుంది వాడికి. ఏమైంది మీకు?"

చొక్కా విప్పేసరికి పిల్లాడి మెడ చుట్టూ ఎర్రగా ఉంది.

మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను లాంతరు అందుకుని దగ్గరగా పట్టాను. లాంతరు ఊగుతోంది, నీడలు ఊగుతున్నాయి. ఏ ఎరుపు దేని ఎరుపో తెలియడం లేదు.

"అది చెమటకాయ" అంది మరదలు. "నిన్నటి నుంచీ ఉంది. ఎందుకలా చూస్తారు? ఎవరో ఒకరు నోరు విప్పండి!"

సూదులాయన చొక్కా తీసుకుని లోపలికి బయటికి తిప్పాడు. దానికి బటన్లు లేవు. జేబులోంచి అయస్కాంతం తీసి మెడ పట్టీ మీద ఆనించి మెల్లిగా నడిపించాడు. పిల్లాడు కూడా ఏడుపు ఆపి ఆయన చేతినే చూశాడు. అయస్కాంతం మెడ చుట్టూ తిరిగింది, భుజాల మీద నడిచింది, చేతుల్లోకి దిగింది. ఎక్కడా ఆగలేదు.

"లేదు" అన్నాడాయన. "ఇందులో లేదు."

మా ఆవిడ ఉన్నచోటే చతికిలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "లేదు లేవే, నీ కొడుక్కేం కాలేదు. ఇందులో లేదు" అని అదే మాట పదేపదే అంటోంది. నాకూ పోయిన ప్రాణం లేచొచ్చింది.

మరదలికి విషయం సూదులాయనే చెప్పాడు. పురిటికి ముందు ఆమె కూడా ఆ హాల్లోనే జేబులు కుట్టేది. సగం వినేసరికే మొత్తం అర్థమైంది. పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని, చొక్కా లేని వాడి వీపు నిమురుతూ కూర్చుంది.

"ఇందులో లేకపోతే ఎందులో ఉన్నట్టు అక్కా?"

మా ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"ఎక్కడో కింద పడి ఉంటుంది. ఊడ్చేసి ఉంటారు."

"ఉంటారా?"

"ఉంటారనే అనుకుందాం. ఆ చొక్కాలు ఎక్కడికో పోతాయి. ఏ తల్లైనా చూడకుండా తొడుగుతుందా?"

"నువ్వు చూశావా నాకిచ్చే ముందు?"

మా ఆవిడ తెగిన నాడా ఏరడానికి వంగింది. మరదలు వదల్లేదు.

"నేను చూశానా? కొత్త చొక్కా, అక్క తెచ్చింది, మురిసిపోతూ తొడిగా. వాళ్లూ అంతే."

"చెప్పమంటావు. చెప్పాక? మీ ఆయనకు పని లేదు. నాదీ పోతే బావ ఒక్కడి మీద రెండు ఇళ్లు. నీ పొయ్యి ఎవరు వెలిగిస్తున్నారే?"

"నువ్వే. కాదన్నానా? ఇప్పుడు దెప్పుతున్నావు చూడు, అదే బాగాలేదు."

"దెప్పడం కాదే. భయం."

"నాకు లేదా? వీడి మెడ చూసి ఇందాక నువ్వు ఎలా ఉన్నావో నేను చూశా. పరిగెత్తుకుని వచ్చావు, నాడా పళ్లతో తెంపావు. అక్కడ వాళ్ల కోసం పరిగెత్తేవాళ్లు ఎవరున్నారు? వాళ్లకు సంగతే తెలీదు కదక్కా."

"నెమ్మదమ్మా, నెమ్మది. పక్కింటికి వినబడుతుంది" అన్నాడు సూదులాయన. కాగితం మడిచి, కొత్త సూదినీ విరిగిన ముక్కలనూ అందులోనే పెట్టుకుని లేచాడు. గుమ్మం దగ్గర నా భుజం మీద చెయ్యి వేశాడు. "నేనిక్కడికి రాలేదు. నన్నెవరూ చూడలేదు. ఆ మాట మాత్రం గుర్తుంచుకో నాయనా." అప్పటిదాకా ఆయన నన్ను నాయనా అని పిలిచి ఎరగడు.

ఆయన వెళ్లాక అక్కచెల్లెళ్లిద్దరూ నా వైపు చూశారు.

"మీరేమంటారు?" అంది మా ఆవిడ.

"బావేమంటాడు? ఎప్పుడైనా అన్నాడా?" అంది మరదలు.

నిజానికి అప్పుడు నాకు ఒకే మాట తోచింది. నాకూ భయంగానే ఉందని. దానివల్ల ఇద్దరికీ ఒరిగేదేమీ లేదు. లాంతరు పట్టుకుని, మా ఆవిడను నడిపించుకుంటూ ఇంటికి వచ్చాను. పడుకున్నాం. ఇద్దరం కళ్లు మూసుకున్నాం. ఇద్దరికీ నిద్ర లేదని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు పొద్దున ఆమె లేచేసరికి నేను బయల్దేరిపోయాను.

గేటు అప్పుడే తీస్తున్నారు. వాకిట్లో లారీ ఉంది. కొన్ని పెట్టెలు ఎక్కించేశారు, మిగిలినవి హాల్లో తలుపు పక్కన వరసగా ఉన్నాయి. మా వరస పెట్టెలు వెతికి, తాళ్లు కోసి, చొక్కాలన్నీ నా బల్ల మీద కుమ్మరించాను.

"ఏంటన్నా, రాత్రంతా కష్టపడి కట్టాం! పిచ్చి గానీ పట్టిందా?" అని మోసేవాళ్లు అరిచారు. ఆ అరుపులకు ఈలాయన వచ్చాడు. నా బల్ల చూశాడు, తెరిచిన పెట్టెలు చూశాడు. ఈల వెయ్యడం కూడా మర్చిపోయాడు.

"ఏంట్రా ఇది?"

"చెమ్మ పట్టింది సార్. గోడలు ఇంకా తడిగా ఉన్నాయి కదా. ముడతలు లేచాయి. తప్పు నాదే, మళ్లీ చేస్తాను."

"లారీ కనపడటం లేదా నీకు?"

"ఇలాగే పంపితే తిరిగొస్తాయి సార్. మీ ఇష్టం."

ఆయన ఒక చొక్కా తీసి చూశాడు. నేను కుమ్మరించినప్పుడు పడిన ముడతలు అందులో బాగానే ఉన్నాయి. "తొందరగా కానివ్వు. నీ సంగతి తర్వాత" అని వెళ్లాడు.

మిషన్లు మొదలయ్యాయి. మా ఆవిడ వచ్చి తన పీట మీద కూర్చుంది. నన్ను చూసి, ఒక్క క్షణం ఆగి, తల వంచుకుని కుట్టడం మొదలుపెట్టింది. నేను ఇస్త్రీ పెట్టెను పేరుకు పట్టుకున్నాను. పని ఎడమ చేత్తోనే. ఒక్కో మెడ పట్టీని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఆ చివర నుంచి ఈ చివర దాకా నలిపాను. బటన్ల దగ్గర బటన్లే తగిలాయి. తర్వాతది. మళ్లీ తర్వాతది. ఎక్కడ గుచ్చుకుంటుందోనని భయం, ఎక్కడా గుచ్చుకోదేమోనని అంతకు మించిన భయం.

కుప్ప సగానికి తగ్గాక గుచ్చుకుంది.

బొటనవేలి మీద రక్తం. చొక్కాకు అంటకుండా వేలు నోట్లో పెట్టుకున్నాను. కుట్టులోంచి మొనను గోటితో మెల్లిగా లాగి, పిడికిట్లో పెట్టుకుని, కట్టు గుడ్డ అడిగే వంకతో సూదులాయన కిటికీ దగ్గరికి వెళ్లాను. ఒళ్లంతా తేలికైంది. ఇక లారీ వెళ్లిపోవచ్చు. ఇక ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

ఆయన మాట్లాడకుండా కాగితం విప్పి, మా ఆవిడ సూది మొదలు ముక్కను తీశాడు. నా అరచేతిలోని మొనను దానికి ఆనించాడు. తిప్పి ఆనించాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"మీ ఆవిడది ఏటవాలుగా విరిగింది. ఇది అడ్డంగా విరిగింది. పైగా ఇది లావు సూది." గొంతు తగ్గించాడు. "ఇది ఆ అమ్మాయిది కాదు నాయనా."

"మరి?"

ఆయన నా భుజం మీదుగా హాల్లోకి చూశాడు. నేనూ తిరిగి చూశాను. వరసల వెంట వరసలుగా ఆడవాళ్లు తలలు వంచుకుని కుడుతున్నారు. వాళ్లలో ఎవరో ఒకరు ఏదో ఒక రోజు ఆ కిటికీలోంచి కొత్త సూది పుచ్చుకుని, ఏమీ జరగనట్టు వెళ్లి కూర్చున్నారు. ఒక్కరేనా?

మా ఆవిడ మొన ఇంకా దొరకలేదు. ఇలాంటి మొనలు ఏ వరస పెట్టెల్లో ఎన్ని ఉన్నాయో.

నేను నా బల్ల దగ్గరికి వెళ్లలేదు. తలుపు పక్కకు నడిచి, పక్క వరస పెట్టెల తాళ్లు కొయ్యడం మొదలుపెట్టాను. ఆ తర్వాతి వరసవి. మోసేవాళ్లు నా చేతులు పట్టుకోబోయారు, విదిలించుకున్నాను. వెనక నుంచి ఈల వినబడింది. చాలా పొడుగ్గా, ఊపిరి అయిపోయేదాకా. నేను తిరగలేదు. లారీ దగ్గరికి వెళ్లి, ఎక్కించేసిన పెట్టెల్లో ఒకదాన్ని కిందికి లాగాను.

అప్పుడు హాల్లో ఒక మిషను ఆగింది. ఇన్నేళ్లుగా వింటున్న చప్పుడు, నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? అది మా ఆవిడది. సూది విరిగిన చప్పుడు లేదు, తనే ఆపింది.